ఫ్యూమ్ హుడ్ మానిటర్‌లో పచ్చలైటే, వాసన మాత్రం బయటికొస్తోంది: ఎక్కడ చూడాలి?

జీనోమ్‌వ్యాలీ_కెమిస్ట్
మా సింథసిస్ ల్యాబ్‌లో 6 అడుగుల ఫ్యూమ్ హుడ్‌లు (ఆవిరిని బయటికి లాగేసే క్యాబిన్‌లు) 8 ఉన్నాయి. అన్నీ నిలువు శాష్ (పైకీ కిందికీ జరిగే ముందు అద్దం), బైపాస్ టైపు (శాష్ దించినా పై జాలీ లోంచి గాలి పోయేవి). రెండేసి హుడ్‌లకి టెర్రస్ మీద ఒక్కో బ్లోయర్. తలుపు పక్కనున్న 7వ హుడ్‌తోనే గొడవంతా. మానిటర్ 108 ఎఫ్‌పీఎం (గాలి వేగం, నిమిషానికి అడుగుల్లో) చూపిస్తుంది, లైటు పచ్చ. కానీ వర్కప్ (రియాక్షన్ అయ్యాక పదార్థాన్ని వేరుచేసే పని) మొదలెట్టగానే ట్రైఎథైలమైన్ చేపల కంపు ఎదురు బెంచీ దాకా కొడుతుంది. అప్పుడప్పుడు డీసీఎం (డైక్లోరోమీథేన్ సాల్వెంట్) తియ్యటి వాసన కూడా. వెండర్ మనిషి వచ్చి శాష్ మధ్యలో మీటర్ పెట్టి, "పర్‌ఫెక్ట్ సార్" అని స్టిక్కర్ అంటించి వెళ్లాడు. గట్టిగా అడిగితే వీఎఫ్‌డీని (మోటారు వేగం మార్చే పరికరాన్ని) 45 నుంచి 50 హెర్ట్జ్‌కి పెంచుతానంటున్నాడు. పెంచమని చెప్పనా?

డక్టు_దొర
వీఎఫ్‌డీ జోలికి ఇప్పుడే పోకండి. 45 నుంచి 50కి పెంచితే గాలి 11 శాతం పెరుగుతుంది, మోటారు లాగే పవర్ 37 శాతం పెరుగుతుంది. గాలి ఆర్‌పీఎంతో పాటు పెరిగితే పవర్ దాని ఘనంతో పెరుగుతుంది మరి. పోనీ కరెంటు పోతే పోయిందనుకుందాం. ఫేస్ వెలాసిటీ (హుడ్ నోటి దగ్గర గాలి వేగం) 120 దాటి పైకి పోయే కొద్దీ శాష్ అంచుల దగ్గర, మనిషి ఒంటి ముందు సుడులు బలపడతాయి. హుడ్ ముందు నిలబడ్డ మనిషి గాలికి అడ్డమే కదా. గాలి రెండు పక్కల నుంచి చుట్టుకొచ్చి ఛాతీ ముందు గిరికీలు కొడుతుంది. ఫ్లాస్క్ శాష్ అంచు దగ్గరే ఉంటే ఆవిరి ఆ సుడిలో కలిసి నేరుగా ముక్కుకి చేరుతుంది.

మూడు సంగతులు చెప్పండి. ఏసీ ఎక్కడుంది? లోపల సామాను ఎంతుంది? మీటర్ ఎన్ని పాయింట్లలో పెట్టాడు?

జీనోమ్‌వ్యాలీ_కెమిస్ట్
ఒక్కటే పాయింటు. ఏసీ కుడి గోడ మీద 1.5 టన్నుల స్ప్లిట్. సామాను అంటారా... రెండు స్టిర్రర్లు, ఒక రోటావాప్ (సాల్వెంట్‌ని ఆవిరి చేసి తీసే యంత్రం), వెనక వరసలో కొన్ని సాల్వెంట్ బాటిళ్లు...

పిపెట్_పిచ్చయ్య
"కొన్ని" తర్వాత మూడు చుక్కలు పెట్టారంటే అది హుడ్ కాదు, స్టోర్ రూమ్ అని మాకర్థమైపోయింది 😄

సేఫ్టీ_సుబ్బు
వాసన గురించి ఒక మాట. ట్రైఎథైలమైన్ ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) లోపే ముక్కుకి తెలిసిపోతుంది. అది కొట్టిందంటే లీకు ఉందని మాత్రమే అర్థం, ఎంతుందో చెప్పలేం. డీసీఎం సంగతి తిరగేసి చూడాలి. చాలామందికి అది సుమారు 200 పీపీఎం దాటాకే తెలుస్తుంది. ఏసీజీఐహెచ్ (అమెరికా వృత్తి ఆరోగ్య నిపుణుల సంస్థ) వాళ్ల 8 గంటల పరిమితి 50 పీపీఎం. అంటే డీసీఎం వాసన తెలిసేసరికే పరిమితికి నాలుగింతలు పీల్చేస్తున్నట్టు. మీ పోస్టులో నన్ను కంగారు పెట్టింది చేపల కంపు కాదు, ఆ "అప్పుడప్పుడు తియ్యటి వాసన". హుడ్ సంగతి తేలే దాకా అందులో డీసీఎం ఎక్స్‌ట్రాక్షన్లు ఆపించండి. వేరే హుడ్‌కి మార్చండి.

ఎన్‌జే_తెలుగు
సుబ్బు గారు చెప్పిన దానికి ఇంకోటి కలుపుతాను. అమెరికాలో ఓషా (కార్మిక భద్రతా సంస్థ) పరిమితి 25 పీపీఎం. 2024లో ఈపీఏ (పర్యావరణ సంస్థ) తెచ్చిన రూల్లో 8 గంటల సగటు పరిమితి 2 పీపీఎమే, 15 నిమిషాల పరిమితి 16. ముక్కుని నమ్ముకుంటే వాసన తెలిసేసరికే ఆ 2 పీపీఎంకి వంద రెట్లు ఉంటాం.

రోటావాప్_రాణి
మీటర్ ఒక్క పాయింటులో పెట్టడం దగ్గరే వెండర్ దొరికిపోయాడు. పద్ధతి ఇదీ:

శాష్‌ని మామూలుగా పనిచేసే ఎత్తులో, అంటే 18 అంగుళాల స్టాప్ దగ్గర ఆపాలి. ఆ ఓపెనింగ్‌ని అడుగు బై అడుగు మించకుండా గళ్లుగా విడగొట్టాలి. 6 అడుగుల హుడ్ అంటారు గానీ లోపలి వెడల్పు సుమారు 5 అడుగులే. కాబట్టి పైన 5, కింద 5, మొత్తం 10 గళ్లు. ప్రతి గడి మధ్యలో, శాష్ తలానికి సరిగ్గా, హాట్‌వైర్ ఎనిమోమీటర్ (వేడి తీగతో గాలి వేగం కొలిచే మీటర్) పెట్టి సెకనుకొక రీడింగ్ చొప్పున 20 సెకన్లు తీసి సగటు రాయాలి. మీటర్‌ని స్టాండుకి బిగించండి. చేత్తో పట్టుకుంటే మీ ఒళ్లే గాలికి అడ్డం, రీడింగ్ తేడా వస్తుంది. రెక్కల మీటర్ వద్దు, తక్కువ వేగాల దగ్గర అది సోమరిగా తిరుగుతుంది.

పది పాయింట్ల సగటు 80 నుంచి 120 మధ్య ఉండాలి. ఏ ఒక్క పాయింటూ సగటుకి 20 శాతం అటూ ఇటూ దాటకూడదు. సగటు కన్నా ఈ రెండోదే ఎక్కువ గుట్టు విప్పుతుంది.

డక్టు_దొర
+1. మీటర్ కాలిబ్రేషన్ సర్టిఫికెట్ కూడా అడగండి. ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌దై ఉండాలి, 100 ఎఫ్‌పీఎం చుట్టుపక్కల ఒక పాయింటైనా ఉండాలి. 1000 దగ్గర కాలిబ్రేట్ చేసి 100 దగ్గర వాడేవాళ్లు బోలెడు.

జీనోమ్‌వ్యాలీ_కెమిస్ట్
మరి మానిటర్ 108 ఎందుకు చూపిస్తోంది? అది అబద్ధమా?

బ్లోయర్_భాయ్
అబద్ధం కాదు భయ్యా, అది చూసేది వేరే చోట. చాలా మానిటర్లలో పక్క గోడలో చిన్న రంధ్రం, అందులో వేడి తీగ సెన్సర్ ఉంటాయి. గదికీ హుడ్ లోపలికీ ఉన్న ప్రెజర్ తేడాకి ఆ రంధ్రంలోంచి కొంచెం గాలి పారుతుంది. దాన్నిబట్టి "ముందు ఇంత వేగం ఉండి ఉంటుంది" అని లెక్కేసి చూపిస్తుంది. బిగించినప్పుడు ఒక శాష్ ఎత్తు దగ్గర, ఖాళీ హుడ్‌లో సెట్ చేస్తారు. తర్వాత లోపల సామాను నింపినా, ఎదురుగా ఏసీ పెట్టినా దానికి తెలియదు. హెచ్‌సీఎల్ ఆవిరికి సెన్సర్ తుప్పు పట్టినా ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది. ఎడమ పక్క సెన్సర్ ఉంటే కుడి మూల ఏం జరుగుతోందో దానికేం ఎరుక?

పనిలో పనిగా మ్యూట్ బటన్ మీద సెల్లోటేప్ ఉందేమో చూడండి. హైదరాబాద్‌లో ప్రతి రెండో ల్యాబ్‌లో ఉంటుంది.

పిపెట్_పిచ్చయ్య
సెల్లోటేప్ కాదు, మా దగ్గర టెఫ్లాన్ టేప్. క్వాలిటీ మెయింటైన్ చేస్తాం.

ఎంఎస్సీ_ఫైనల్
అన్నా, ఒక డౌట్. డీసీఎం ఆవిరి గాలికన్నా మూడింతలు బరువు కదా. వెనక బ్యాఫిల్‌కి (వెనక గోడ ముందుండే పలకకి) కింద, మధ్యలో, పైన మూడు స్లాట్లుంటాయి. డీసీఎం వాడేటప్పుడు పై స్లాట్ మూసి కింది స్లాట్ పూర్తిగా తెరిస్తే చాలదా? మా సార్ అలాగే చెప్పారు.

డక్టు_దొర
మీ సార్ ఒక్కరే కాదు, సగం మంది ఇదే చెప్తారు. మూడింతలు బరువు శుద్ధమైన ఆవిరికి. హుడ్‌లో అది గాలిలో కలిసిపోయి ఉంటుంది. 1000 పీపీఎం డీసీఎం ఉన్న గాలి మామూలు గాలి కన్నా 0.2 శాతం మాత్రమే బరువు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే 0.3 శాతం పైగా తేలికవుతుంది. అంటే పక్కన హాట్‌ప్లేట్ ఆన్‌లో ఉంటే చాలు, బరువు లెక్క కొట్టుకుపోతుంది. ఆవిరి గాలి ఎటు పోతే అటే పోతుంది. పై స్లాట్ మూస్తే హుడ్ పైభాగంలో తిరిగే పెద్ద చుట్ట ఖాళీ కాక అక్కడే తిరుగుతుంటుంది. శాష్ ఎత్తగానే అదే మీ మొహం మీదికొస్తుంది. బ్యాఫిల్ సెట్టింగ్ కమిషనింగ్‌లో ఒకసారి చేసి వదిలేయాలి.

రోటావాప్_రాణి
దొర గారూ, ఇక్కడ కొంచెం విభేదిస్తాను. కలిసిపోయిన ఆవిరికి మీ లెక్క కరెక్టే. అర లీటరు డీసీఎం ఒలికితే? 20 డిగ్రీల దగ్గర దాని ఆవిరి పీడనం 47 కిలోపాస్కల్, అంటే ద్రవం పైనున్న గాలిలో దాదాపు 46 శాతం డీసీఎమే. ఆ పొర నిజంగానే బరువు. బెంచ్ మీద నీళ్లలా పాకి ముందు అంచు దాకా వస్తుంది. అక్కడ ఎయిర్‌ఫాయిల్ కింద సందు మూసుకుపోయి ఉంటే బయటికి జారుతుంది. అందుకే ట్రే వాడమంటాం.

డక్టు_దొర
ఒలికిన సందర్భానికి ఒప్పుకుంటున్నా. కానీ అప్పుడు కూడా పని చేసేది ఎయిర్‌ఫాయిలే, స్లాట్ తిప్పడం కాదు 🙂

ఎంఎస్సీ_ఫైనల్
ఎయిర్‌ఫాయిల్ అంటే ముందు అంచున వంపుగా ఉండే స్టీలు పట్టీయేనా? మా దగ్గర దాని మీద బ్లాటింగ్ పేపర్ పరుస్తారు.

రోటావాప్_రాణి
అదే. పట్టీకీ బెంచ్‌కీ మధ్య సుమారు అంగుళం సందు ఉంటుంది. ఆ సందులోంచి దూరే గాలి బెంచ్‌ని రాసుకుంటూ వెనక్కి పోతుంది. కింద సుడి పుట్టనివ్వదు. పేపర్ కప్పితే ఆ గాలి ఆగిపోయింది, ముందు అంచున సుడి తయారు. పేపర్‌ని ఎయిర్‌ఫాయిల్ వెనక నుంచి పరచండి, నాలుగు మూలలా టేపు వేయండి. టిష్యూ పేపర్లయితే వెనక స్లాట్లోకి లాగేసుకుని డ్యాంపర్‌కి (డక్టులో గాలిని తగ్గించే రెక్కకి) చుట్టుకుంటాయి.

బ్లోయర్_భాయ్
టిష్యూలు డ్యాంపర్ దగ్గర ఆగితే అదృష్టం. ఇంపెల్లర్‌కి (బ్లోయర్ రెక్కల చక్రానికి) చుట్టుకుంటే బ్యాలెన్స్ పోయి బేరింగ్ కొట్టేస్తుంది. ఒక నైట్రైల్ గ్లవ్ చాలు. కింది స్లాట్‌కి అరంగుళం కన్నాలున్న పీపీ (ప్లాస్టిక్) జాలీ బిగించుకోండి, నెలకోసారి దులపండి.

జీనోమ్‌వ్యాలీ_కెమిస్ట్
రాణి గారు చెప్పినట్టే పది గళ్లలో తీయించాను. ఎడమ నుంచి కుడికి:
పై వరస: 121, 116, 109, 98, 84
కింది వరస: 118, 112, 97, 71, 62
సగటు 98.8.

రోటావాప్_రాణి
చూశారా, సగటు దివ్యంగా ఉంది. కానీ 20 శాతం గీత గీస్తే 79 నుంచి 118.6 దాకానే ఒప్పుకోవాలి. కింద కుడివైపు 71, 62 ఫెయిల్. ఎడమ పై మూల 121 కూడా కొంచెం దాటింది. రీడింగ్ ఎడమ నుంచి కుడికి మెట్లు దిగినట్టు పడిపోతోంది. కుడి పక్కనే ఏసీ. కుడివైపు వెనకాల ఏముంది?

జీనోమ్‌వ్యాలీ_కెమిస్ట్
బాటిళ్లు. 2.5 లీటర్లవి, గోడకి ఆనించి.

పిపెట్_పిచ్చయ్య
దొంగ దొరికాడు. ఇద్దరు దొంగలు.

డక్టు_దొర
ఇద్దర్నీ విడివిడిగా విచారించాలి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది కారణమో తెలీదు. ముందు ఏసీ ఒక్కటీ ఆఫ్ చేసి కుడి రెండు గళ్లూ మళ్లీ తీయండి. తర్వాత ఏసీ ఆన్ చేసి, బాటిళ్లు తీసి మళ్లీ తీయండి. శాష్‌కి అడుగున్నర దూరంలో, హుడ్ ముందు అడ్డంగా వీచే గాలి వేగం కూడా కొలవండి. అది ఫేస్ వెలాసిటీలో సగానికి, అంటే 50 ఎఫ్‌పీఎంకి మించకూడదు. 30 లోపుంటే నిశ్చింత. అన్నిటికన్నా ముఖ్యం, పొగ పెట్టి చూడండి. అంకెలు వేగం చెప్తాయి గానీ గాలి ఎటు తిరుగుతోందో చెప్పవు.

జీనోమ్‌వ్యాలీ_కెమిస్ట్
పొగ అంటే అగరుబత్తి చాలా?

సేఫ్టీ_సుబ్బు
వద్దు బాబూ! మొదటిది, అది నిప్పు. హెక్సేన్, ఈథర్ ఉన్న హుడ్‌లో నిప్పేంటి. రెండోది, అగరుబత్తి పొగ వేడిగా ఉంటుంది, తనంతట తానే పైకి లేస్తుంది. హుడ్ లాగినా లాగకపోయినా పైకే పోయి "ఆహా బాగుంది" అనిపిస్తుంది. డ్రై ఐస్ వాడండి. వెడల్పాటి ట్రేలో గోరువెచ్చని నీళ్లు, అందులో డ్రై ఐస్ ముక్కలు, మందపాటి గ్లవ్స్‌తో. ట్రేని శాష్‌కి 6 అంగుళాలు లోపల పెట్టండి. ఆ తెల్లటి పొగ చల్లగా కిందికి పాకుతుంది, ఎయిర్‌ఫాయిల్ దగ్గరి లీకు భలే తెలుస్తుంది. పై మూలలు, పక్క అంచులకైతే చేత్తో పిసికే స్మోక్ ట్యూబ్. టైటానియం టెట్రాక్లోరైడ్ ట్యూబులు హెచ్‌సీఎల్ వదులుతాయి, మానిటర్ సెన్సర్ దగ్గర వాడకండి.

ఒక మనిషిని హుడ్ ముందు మామూలుగా పనిచేసేలా నిలబెట్టి చూడండి. ఖాళీ హుడ్ ముందు పొగ ఎప్పుడూ బుద్ధిగానే పోతుంది.

ఎన్‌జే_తెలుగు
ఇక్కడి పద్ధతిలో ఇవన్నీ ఆష్రే 110 (అమెరికా ఏసీ, వెంటిలేషన్ ఇంజినీర్ల సంఘం ప్రమాణం) టెస్టులో భాగం. మూడంచెలు: వేగం, పొగ, ట్రేసర్ గ్యాస్. మూడోదే అసలు పరీక్ష. హుడ్ లోపల, శాష్‌కి 6 అంగుళాల వెనక ఎజెక్టర్ (గ్యాస్ వదిలే పరికరం) పెట్టి సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌ని నిమిషానికి 4 లీటర్లు వదులుతారు. ముందు ఒక బొమ్మ మనిషి, దాని ముక్కు దగ్గర డిటెక్టర్. ఎడమ, మధ్య, కుడి, ఒక్కోచోట 5 నిమిషాలు. ఫ్యాక్టరీలో 0.05 పీపీఎం, సైట్‌లో బిగించాక 0.10 పీపీఎం మించకూడదు. వెలాసిటీ 100 వచ్చి ఇందులో ఫెయిలయ్యే హుడ్‌లూ ఉన్నాయి, మంచి డిజైన్ ఉండి 60 దగ్గరే పాసయ్యేవీ ఉన్నాయి.

ఈ గ్యాస్‌తో చిక్కేంటంటే, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కి 20 వేల రెట్లు పైనే. 2016 ఎడిషన్ నుంచి వేరే ట్రేసర్‌లకీ దారిచ్చారు.

బ్లోయర్_భాయ్
యూరప్ వాళ్ల ఈఎన్ 14175లో నాకు నచ్చేది నడక టెస్టు. మనిషంత పలకని హుడ్ ముందు సెకనుకి 1 మీటర్ వేగంతో అటూ ఇటూ లాగుతారు, లోపలి గ్యాస్ బయటికొస్తుందా అని చూస్తారు. నడిచే మనిషి వేగం గంటకి 4 కిలోమీటర్లు అనుకున్నా 220 ఎఫ్‌పీఎం దాకా వస్తుంది. హుడ్ లాగే వేగానికి డబుల్. తలుపు పక్కనున్న 7వ హుడ్ ముందు రోజంతా జనం నడుస్తూనే ఉంటారు కదా?

జీనోమ్‌వ్యాలీ_కెమిస్ట్
క్యాంటీన్‌కి అదే దారి.

పిపెట్_పిచ్చయ్య
మిర్చి బజ్జీల టైములో హుడ్ ఫెయిల్, రాసుకోండి.

జీనోమ్‌వ్యాలీ_కెమిస్ట్
దొర గారు చెప్పిన వరసలోనే చేయించాం. హుడ్ ముందు అడ్డగాలి 90 ఎఫ్‌పీఎం. ఏసీ ఆపితే కింది కుడి రెండు గళ్లు 71, 62 నుంచి 90, 81కి ఎక్కాయి. ఏసీ ఆన్ చేసి బాటిళ్లు తీస్తే 80, 73. రెండూ చేస్తే 97, 92. పొగలో స్పష్టంగా కనిపించింది: ఏసీ గాలి హుడ్ కుడి పోస్ట్‌కి (పక్క అంచుకి) తగిలి లోపలికి మడత పడుతోంది, అక్కడ చిన్న సుడి. డ్రై ఐస్ పొగ అందులో చిక్కి శాష్ కింది అంచు నుంచి పాయలా బయటికి వచ్చి, ముందు నిలబడ్డ మనిషి కోటు మూడో గుండీ దాకా ఎక్కి, అక్కడ విడిపోయింది. ఏసీ ఆపగానే ఆ పాయ తెగిపోయింది.

డక్టు_దొర
పెద్ద దొంగ ఏసీ, చిన్న దొంగ బాటిళ్లు. లూవర్ పైకి తిప్పడం తాత్కాలికం, ఎవరో ఒకరు రిమోట్‌తో మళ్లీ దించేస్తారు. ఇండోర్ యూనిట్‌ని హుడ్‌కి ఎదురుగా గానీ పక్కన గానీ లేకుండా మార్చండి. బాటిళ్లని హుడ్ కింద వెంటిలేటెడ్ క్యాబినెట్లోకి. రోటావాప్‌ని 2 అంగుళాల కాళ్ల మీద ఎత్తండి, కింద నుంచి గాలి దూరి వెనక స్లాట్‌కి చేరాలి.

ఇంకో ప్రశ్న, ఇదే అసలైనది: ఆ గదికి టీఎఫ్ఏ (బయటి తాజా గాలిని లోపలికి పంపే యంత్రం) ఉందా? స్ప్లిట్ ఏసీలేనా?

జీనోమ్‌వ్యాలీ_కెమిస్ట్
టీఎఫ్ఏ ఉంది. కానీ ఈ ఎండాకాలం కరెంటు బిల్లు తగ్గించాలని డ్యాంపర్ సగం మూశారని మెయింటెనెన్స్ వాళ్లు ఇప్పుడు చెప్తున్నారు.

డక్టు_దొర
అనుకున్నా. లెక్క చూడండి. ఒక హుడ్: 5 అడుగులు × 1.5 అడుగులు × 100 = 750 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). ఎనిమిదికి 6000. గది 40 × 30 × 10 అడుగులనుకుంటే 12,000 ఘనపుటడుగులు, అంటే రెండు నిమిషాలకోసారి గది గాలి మొత్తం పోతోంది. బయటికి పోయినంత గాలి లోపలికి రాకపోతే బ్లోయర్ ఎంత పెద్దదైనా లాగలేదు. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, కొత్త గాలి ఒక్క సీఎఫ్ఎం కూడా తేదు. టీఎఫ్ఏ ఎగ్జాస్ట్ కన్నా ఒక పది శాతం తక్కువ ఇవ్వాలి. అప్పుడు గది కొంచెం నెగటివ్‌లో ఉండి వాసన కారిడార్‌లోకి పోదు. సగం మూస్తే తలుపు తీయడానికి ఒంటి బలం కావాలి, సందుల్లోంచి ఈల. తీసిన క్షణాన ఒక్కసారిగా గాలి దూసుకొస్తుంది, తలుపు పక్క హుడ్ మీదికే. మూడో దొంగ.

బ్లోయర్_భాయ్
బిల్లు తగ్గించే దారి వేరే ఉంది. మే నెల హైదరాబాద్, బయట 40, లోపల 24. ఒక్క హుడ్‌కి సరిపడా 750 సీఎఫ్ఎం గాలిని చల్లబరచడానికి సుమారు 2 టన్నుల కూలింగ్. పొడి వేడి కాబట్టి అంతటితో సరి. అదే విశాఖ దగ్గర పరవాడ, అచ్యుతాపురం వైపు 34 డిగ్రీలు, 70 శాతం తేమ అనుకోండి, గాలిలోని నీళ్లు పిండడానికే ఎక్కువ పోతుంది, అదే హుడ్‌కి 5 టన్నుల దాకా. శాష్ దించితే గాలి తగ్గే వీఏవీ సిస్టమ్ ఉంటే ఈ ఖర్చు బాగా పడిపోతుంది. మీవి బైపాస్ హుడ్‌లు కాబట్టి శాష్ దించినా పై జాలీ లోంచి అంతే గాలి పోతుంది, బిల్లు మారదు.

ఎంఎస్సీ_ఫైనల్
మరి బైపాస్ ఎందుకు పెట్టినట్టు?

బ్లోయర్_భాయ్
బైపాస్ లేకుండా శాష్‌ని 18 నుంచి 6 అంగుళాలకి దించితే అదే 750 సీఎఫ్ఎం మూడో వంతు సందులోంచి దూరాలి. 300 ఎఫ్‌పీఎం. తూకం వేసిన పౌడర్ కాగితంతో సహా ఎగిరిపోతుంది.

రోటావాప్_రాణి
వీఏవీలో ఇంకో లాభం, జనానికి శాష్ దించే అలవాటవుతుంది. బిల్లు సంగతి తర్వాత, రియాక్షన్ నడుస్తుంటే మీ మొహానికీ ఫ్లాస్క్‌కీ మధ్య అద్దం ఉండాలి. 18 అంగుళాల స్టాప్ గురించి ఒకటి చెప్పాలి, ఇది ఎవరూ మాట్లాడరు. బెంచ్ ఎత్తు 36 అంగుళాలు, స్టాప్ 18. శాష్ కింది అంచు నేల నుంచి 54 అంగుళాలు, 137 సెంటీమీటర్లు. ఆరడుగుల మనిషికి అది ఛాతీ దగ్గర. ఐదడుగుల అమ్మాయికి సరిగ్గా గడ్డం, నోరు దగ్గర. కొంచెం వంగితే ముక్కు అద్దం కిందికి వచ్చేస్తుంది. స్టూలు మీద కూర్చుని పనిచేసేవాళ్ల గతీ ఇంతే. అలాంటివాళ్లు శాష్‌ని 12, 14 అంగుళాల దగ్గర పెట్టుకోవాలి. స్టిక్కర్ మీద బాణం గుర్తు అందరికీ ఒకటే కానక్కర్లేదు.

సేఫ్టీ_సుబ్బు
ఇది మా చెక్‌లిస్టులో చేరుస్తున్నా. థ్యాంక్స్ రాణి గారు.

ఎంఎస్సీ_ఫైనల్
మా డిగ్రీ కాలేజీ హుడ్ గురించి చెప్తే నవ్వుతారు. చెక్క అల్మారా, గోడకి 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్, దాని ముందు రెండు వంపులున్న పీవీసీ పైపు. సాల్ట్ ఎనాలిసిస్‌లో కిప్స్ ఉపకరణం నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వదిలితే గదంతా కోడిగుడ్లు.

డక్టు_దొర
నవ్వే విషయం కాదు. గోడ ఫ్యాన్ ఆక్సియల్ రకం, ఎదురు ఒత్తిడి లేకపోతేనే బాగా వీస్తుంది. హుడ్, పైపు, వంపులు కలిపితే 30 నుంచి 50 మిల్లీమీటర్ల వాటర్ కాలమ్ రెసిస్టెన్స్ అవుతుంది. ఆ ఫ్యాన్ కొన్ని మిల్లీమీటర్లు కూడా తోయలేదు. రెక్కలు తిరుగుతుంటాయి, గాలి కదలదు. దీనికి సెంట్రిఫ్యూగల్ బ్లోయరే కావాలి. అది కుదరకపోతే ఆ పైపు పీకేసి ఫ్యాన్‌ని నేరుగా బయటి గోడకి పెట్టించడం నయం.

సేఫ్టీ_సుబ్బు
హైడ్రోజన్ సల్ఫైడ్ విషయంలో కుళ్లిన గుడ్ల వాసన వస్తుంటే కాదు, రావడం ఆగిపోతే భయపడాలి. 100 పీపీఎం దగ్గర ముక్కు మొద్దుబారిపోతుంది. సాల్ట్ ఎనాలిసిస్‌కి థయోఎసిటమైడ్ వాడితే ఆ గ్యాస్ కావలసినంత, ద్రావణంలోనే పుడుతుంది. అయితే అది క్యాన్సర్ కారకమని అనుమానం ఉన్న పదార్థం, గ్లవ్స్ తప్పనిసరి.

కొత్తల్యాబ్_ఓనర్
చిన్న స్టార్టప్ పెడుతున్నాం, అద్దె బిల్డింగ్, డక్టు వేయనివ్వరు. డక్ట్‌లెస్ హుడ్ తీసుకోవచ్చా? కార్బన్ ఫిల్టర్ అన్నీ పట్టేస్తుందని అమ్మేవాడు అంటున్నాడు.

రోటావాప్_రాణి
"అన్నీ" అన్నాడంటేనే అనుమానించండి. కార్బన్ టాలుయీన్ లాంటి బరువైన సాల్వెంట్లని బాగా పడుతుంది. డీసీఎం, మెథనాల్ లాంటి తక్కువ మరుగు స్థానం ఉన్నవి త్వరగా దాటిపోతాయి. ఆ దాటిన గాలి బయటికి పోదు, మళ్లీ మీ గదిలోకే. తేమ ఎక్కువుంటే సామర్థ్యం ఇంకా తగ్గుతుంది. రోజూ అదే బఫర్, కొద్ది మిల్లీలీటర్లు, ఫిల్టర్ తర్వాత డిటెక్టర్, మార్చే తేదీల రిజిస్టర్ ఉంటే సరే. సింథసిస్‌కి వద్దు.

పిపెట్_పిచ్చయ్య
లామినార్ ఫ్లో కూడా ఫ్యూమ్ హుడ్డే అనుకుని అందులో సాల్వెంట్ పోసేవాళ్ల గురించి ఎవరైనా చెప్పండి, నాకు ఓపిక లేదు.

సేఫ్టీ_సుబ్బు
హారిజాంటల్ లామినార్ ఫ్లో గాలిని వెనక నుంచి మీ మొహం మీదికి ఊదుతుంది. శాంపిల్‌ని కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. బయోసేఫ్టీ క్యాబినెట్ రెండింటినీ కాపాడుతుంది గానీ హెపా ఫిల్టర్ పట్టేది కణాల్ని, ఆవిరిని కాదు.

ఎన్‌జే_తెలుగు
హుడ్ ఎంత బాగున్నా ఆపలేనిది చర్మం దారి. డార్ట్‌మత్ కాలేజీలో కారెన్ వెట్టర్‌హాన్ 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీతో పనిచేసింది హుడ్‌లోనే. చుక్కలు లేటెక్స్ గ్లవ్ మీద పడ్డాయి. తర్వాత పరీక్షిస్తే ఆ గ్లవ్ లోంచి 15 సెకన్ల లోపే దూరిపోతుందని తేలింది. 1997 జూన్‌లో ఆవిడ చనిపోయారు. డీసీఎం కూడా పల్చటి నైట్రైల్ గ్లవ్ లోంచి నిమిషాల్లోనే దాటుతుంది. చేతి మీద పడితే వెంటనే మార్చండి.

జీనోమ్‌వ్యాలీ_కెమిస్ట్
పెర్‌క్లోరిక్ యాసిడ్ డైజెషన్ (శాంపిల్‌ని యాసిడ్‌లో కరిగించడం) కూడా ఇదే హుడ్‌లో చేయమంటున్నారు అనలిటికల్ వాళ్లు. ఓకేనా?

సేఫ్టీ_సుబ్బు
వేడి చేస్తారా? అయితే అస్సలు కుదరదు. ఆవిరి డక్టులో చల్లబడి పెర్‌క్లోరేట్లుగా పేరుకుంటుంది. అక్కడ సాల్వెంట్ ఆవిరి, రబ్బర్ గాస్కెట్, బేరింగ్ గ్రీజు తగిలితే పేలే పదార్థం తయారవుతుంది. ఏళ్ల తర్వాత ఎవరో డక్టు విప్పడానికి సుత్తి తీసుకున్నప్పుడు పేలుతుంది. దానికి వేరే హుడ్, వేరే డక్టు, బ్లోయర్ నుంచి బ్యాఫిల్ దాకా నీళ్లతో కడిగే వాష్‌డౌన్ ఏర్పాటు కావాలి. హెచ్ఎఫ్ (హైడ్రోఫ్లోరిక్ యాసిడ్) వాడితే ఇంకో జాగ్రత్త, గాజు శాష్ మసకబారిపోతుంది, పాలీకార్బొనేట్ పెట్టించుకోవాలి.

బ్లోయర్_భాయ్
జీనోమ్‌వ్యాలీ గారూ, టెర్రస్ ఎక్కినప్పుడు నాలుగు చూడండి. కరెంటు పని జరిగినా, జనరేటర్ మార్చినా ఫేజ్ తారుమారై బ్లోయర్ ఉల్టా తిరగొచ్చు. సెంట్రిఫ్యూగల్ ఉల్టా తిరిగినా గాలి లాగుతుంది, బాగా తక్కువ లాగుతుంది. అందుకే ఎవరూ గమనించరు. కేసింగ్ మీద బాణం చూసి పోల్చండి. బెల్టు వదులైందా నొక్కి చూడండి. ఫ్లెక్సిబుల్ కనెక్టర్ చిరిగితే హుడ్ బదులు టెర్రస్ గాలి లాగుతుంది. స్క్రబ్బర్ (ఆవిరిని కాస్టిక్ ద్రావణంతో కడిగే టవర్) ఉంటే లోపలి ప్యాకింగ్ చూడండి. కాస్టిక్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చి కార్బొనేట్‌గా గట్టిపడి గాలికి అడ్డం పడుతుంది.

జీనోమ్‌వ్యాలీ_కెమిస్ట్
చూశాను. తిరగడం సరిగ్గానే ఉంది, బెల్టు కొత్తది. కానీ చిమ్నీ మీద గొడుగు లాంటి టోపీ ఉంది.

డక్టు_దొర
తీయించండి. ఆ టోపీ పొగని కిందికి తిప్పి టెర్రస్ మీదికే కొడుతుంది, అక్కడి నుంచి టీఎఫ్ఏ మళ్లీ లోపలికి లాగుతుంది. చిమ్నీ టెర్రస్ నుంచి కనీసం 10 అడుగుల ఎత్తు, నోరు తెరిచి, గాలి నిట్టనిలువుగా 3000 ఎఫ్‌పీఎం, అంటే సెకనుకి 15 మీటర్లతో పైకి పోవాలి.

జీనోమ్‌వ్యాలీ_కెమిస్ట్
వానాకాలంలో నీళ్లు బ్లోయర్‌లోకి దిగవా? మెయింటెనెన్స్ వాళ్లు ఒప్పుకోవడం లేదు.

బ్లోయర్_భాయ్
నడుస్తున్నప్పుడు దిగవు. పెద్ద చినుకైనా సెకనుకి 9 మీటర్ల దాకానే పడుతుంది, ఎదురుగా 15 మీటర్ల గాలి. ఆపినప్పుడే దిగుతాయి. దానికి కేసింగ్ అడుగున అంగుళం డ్రెయిన్, దానికి యూ ఆకారం పైపు పెట్టి నీళ్లు నింపాలి. ఆ నీళ్లు లేకపోతే పొగ డ్రెయిన్ లోంచి టెర్రస్ మీదికి ఊదుతుంది. ఎండాకాలంలో ఆ నీళ్లు ఆవిరైపోతాయి, వారానికోసారి మగ్గుతో పోయమని పంపు ఆపరేటర్ డ్యూటీ షీట్‌లో రాయించండి.